ఉద్దానం మాజీ సైనికుడు తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలంటే: పరీక్షలు, కాగితాలు, ఆపరేషన్, ఆ తర్వాత

#1 ఈఎస్ఎం_సోంపేట
మా మాజీ సైనికుల సంఘం కోసం ఒక నోట్ తయారుచేస్తున్నాను. మన వైపు ఊరూరా ఫౌజీలున్నారు, ఊరూరా డయాలసిస్ పేషంట్లూ ఉన్నారు. "అన్న మిలట్రీ నుంచి వచ్చేశాడు, గట్టి మనిషి, ఒకటి ఇచ్చేస్తాడు" అనే మాట ఇళ్లలో మామూలైపోయింది. నోట్‌కి నమూనాగా ఇలా అనుకుందాం: దాతకు 45 ఏళ్లు, 20 ఏళ్లు సర్వీస్ చేసి హవల్దార్‌గా పెన్షన్ వచ్చాడు. రోగి సొంత తమ్ముడు, పెళ్లయింది, వారానికి మూడు డయాలసిస్‌లు. బ్లడ్ గ్రూపు కలిసింది. ఇక్కడి నుంచి ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బతింటారు? సొంత కథలు వద్దు, పనికొచ్చే ముక్క చెప్పండి.

#2 నెఫ్రో_వైజాగ్
గ్రూపు కలవడం గేటు దాటడం మాత్రమే సాబ్. పాజిటివ్, నెగెటివ్ తేడా కిడ్నీకి అడ్డు కాదు కాబట్టి దాని గురించి కంగారు వద్దు.

అసలు చిక్కు దాత ఊరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల దాతను మిగతా చోట్ల దాతలా చూడకూడదు. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అది వడపోత గుచ్ఛాలకంటే ముందు నాళాలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని తింటుంది. అందుకని మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. బీపీ పెరగదు, కాళ్లు వాచవు. స్ట్రిప్ టెస్ట్‌లో "నిల్" వస్తుంది, అందరూ సంతోషిస్తారు, లోపల పావు వంతు పోయి ఉండొచ్చు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బును పట్టే పద్ధతితో దీన్ని పట్టలేం.

20 ఏళ్లు బయట ఉన్నాడు కదా అంటారు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఏటా 60 రోజుల యాన్యువల్ లీవ్ ఇక్కడే, పెన్షన్ వచ్చాక జీడితోట, కొబ్బరితోట ఇక్కడే. పైగా సొంత తమ్ముడికే జబ్బు ఉంది. సర్వీసు వల్ల ముప్పు తప్పిందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాబట్టి ఇలాంటి దాతకు క్రియాటినిన్ (రక్తంలో చేరే కండల వ్యర్థం, కిడ్నీ దాన్ని బయటికి పంపాలి) ఒక్కసారి చూసి సరే అనకూడదు. కనీసం రెండు మూడు నెలల తేడాతో రెండుసార్లు చూడాలి. జీఎఫ్ఆర్‌ని (కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తాయన్న అంకెను) లెక్కగట్టడం కాదు, కొలవాలి (డీటీపీఏ స్కాన్). అంతర్జాతీయంగా వాడే 2017 కేడీఐజీఓ మార్గదర్శకాల ప్రకారం 90, ఆపైన ఉంటే సరే. 60 నుంచి 89 మధ్య అయితే మనిషిని బట్టి నిర్ణయం. 60 లోపు అయితే వద్దు. ఉద్దానం దాత, 45 ఏళ్లు, జీఎఫ్ఆర్ 78 అంటే నేనైతే వద్దనే అంటాను. ఇదే 78 విజయనగరం అవతల నుంచి వచ్చిన 62 ఏళ్ల తల్లికి వస్తే ఆలోచిస్తాను.

#3 ల్యాబ్‌బెంచ్
డాక్టర్ గారు చెప్పిన క్రియాటినిన్ ఫౌజీల విషయంలో రెండు వైపులా మోసం చేస్తుంది. కండ ఎక్కువున్నవాడికి, ముందు రాత్రి మటన్ తిన్నవాడికి, జిమ్ పౌడర్లు వాడేవాడికి కిడ్నీ బాగున్నా 1.3 చూపిస్తుంది. సన్నగా ఉండి కండ తగ్గినవాడికి కిడ్నీ దెబ్బతిన్నా 0.9 చూపిస్తుంది. అనుమానం వస్తే సిస్టాటిన్-సి చేయించండి, అది కండ మీద అంతగా ఆధారపడదు.

24 గంటల మూత్రం ఎక్కువ మంది చెడగొడతారు. పద్ధతి ఇది. పొద్దున 6కి లేచి పోసిన మొదటిది పారబోయాలి. అక్కడి నుంచి గడియారం మొదలు. పగలు, రాత్రి పోసిన ప్రతి చుక్కా క్యాన్‌లోకే. మర్నాడు 6కి పోసింది కూడా క్యాన్‌లో వేసి మూత బిగించాలి. మొదటి రోజుదీ కలిపేస్తే ప్రోటీన్ ఎక్కువ చూపిస్తుంది. బహిర్భూమికి వెళ్లినప్పుడు పోయింది లెక్కలోకి రాకపోతే తక్కువ చూపిస్తుంది.

పూర్తిగా పట్టారో లేదో తెలుసుకోవడానికి రిపోర్టులో మొత్తం క్రియాటినిన్ చూడండి. మగవాళ్లకు కిలో బరువుకు రోజుకు సుమారు 20 నుంచి 25 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 1,400 నుంచి 1,750 రావాలి. 900 వచ్చిందంటే కిడ్నీ సంగతి తర్వాత, క్యాన్ సంగతి ముందు అడగాలి.

ఇంకొకటి. పొద్దున్నే పరుగెత్తే అలవాటు ఫౌజీలకు పోదు. పరుగు, బరువులు ఎత్తడం వల్ల మూత్రంలో ప్రోటీన్, ఒక్కోసారి రక్తకణాలు కూడా తాత్కాలికంగా కనిపిస్తాయి. శాంపిల్‌కు ముందు రెండు రోజులు పరుగు బంద్.

#4 ఫౌజీ_టెక్కలి
వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది, రూపాయి ఖర్చు లేదు. ట్రంకుపెట్టెలో రిలీజ్ మెడికల్ బోర్డ్ కాగితాలు (ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16) తీయండి. అందులో బీపీ, బరువు, మూత్ర పరీక్ష, మెడికల్ కేటగిరీ అన్నీ ఉంటాయి. షేప్-1 (అన్నిట్లో పూర్తి ఫిట్) అయితే మంచిదే. ఎస్1 హెచ్1 ఏ1 పి2 ఇ1 (పి అంటే శారీరక సామర్థ్యం, 2 అంటే అందులో ఏదో లోపం) అని ఉంటే ఆ "పి2" దేనికో చదవండి. ప్రైమరీ హైపర్‌టెన్షన్ అని ఉంటే ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి మొదటి రోజే చెప్పాలి. బీపీకి డిజెబిలిటీ పెన్షన్ తీసుకుంటూ ఆసుపత్రిలో "నాకు బీపీ లేదు" అనే మనుషులు ఉన్నారు. అది తమ్ముడి మీద ప్రేమే, కానీ ఆపరేషన్ అయ్యాక మిగిలిన ఒక్క కిడ్నీ ఆ బీపీని మోయాలి.

కాగితాలు పోతే మీ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. శ్రీకాకుళం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే దారి సులువు.

#5 నెఫ్రో_వైజాగ్
మంచి పాయింట్. బీపీ ఉన్నంత మాత్రాన తలుపు మూసుకోదు. ఒకటి రెండు మాత్రలతో అదుపులో ఉండి, గుండె ఎకోలో గోడ మందం పెరగకుండా, కంటి రెటీనా బాగుండి, మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రోటీన్) రోజుకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆలోచించవచ్చు. 24 గంటల బీపీ మెషిన్ కట్టి చూస్తాం, ఆసుపత్రిలో తీసిన ఒక్క రీడింగ్‌తో తేల్చం. అల్బుమిన్ 100 దాటితే మాత్రం ఇక వద్దు.

అడగాల్సింది ఇంకొకటి: మోకాళ్లకీ నడుముకీ ఏం వాడుతున్నారు? 20 ఏళ్లు బరువు మోసి కొండలెక్కినవాళ్లలో డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ రోజూ మింగేవాళ్లు ఎక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే నొప్పి ఇంజెక్షన్ కూడా అదే జాతి. దాత కావాలనుకుంటే ఇవాళే ఆపాలి. ఆపి నాలుగు వారాలయ్యాక క్రియాటినిన్ చూస్తే అసలు రంగు తెలుస్తుంది. అవి లేకుండా నడవలేని మనిషి కిడ్నీ ఇవ్వకూడదు. ఇచ్చాక జన్మలో వాటి జోలికి వెళ్లకూడదు మరి.

సిగరెట్ ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. క్యాంటీన్ రమ్ సంగతి సైకియాట్రిస్టుకు నిజం చెప్పాలి.

#6 ట్రాన్స్‌ప్లాంట్_డెస్క్
పరీక్షల వరుస గురించి. తక్కువ ఖర్చువి ముందు, ఎక్కువ ఖర్చువి చివర. గ్రూపు, క్రియాటినిన్, మూత్రం, షుగర్ (పరగడుపు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ), హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, అల్ట్రాసౌండ్, ఈసీజీ, ఎకో. ఇవి దాటాక హెచ్ఎల్ఏ (ఇద్దరి కణజాలం పోలిక), క్రాస్‌మ్యాచ్ (రోగి రక్తంతో దాత కణాలు కలిపి చూడటం). అవీ దాటాక డీటీపీఏ, చివరన సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాల స్కాన్). సీటీ ముందే తీయించి, తర్వాత షుగర్ బయటపడితే డబ్బు వృథా, కాంట్రాస్ట్ మందు ఒంట్లోకి వెళ్లిందీ వృథా.

సొంత అన్నదమ్ముల మధ్య హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది నాలుగింట రెండు, అసలు కలవనిది నాలుగింట ఒకటి. కలవకపోయినా ఇప్పటి మందులతో మార్పిడి చేస్తారు. ఆపేది క్రాస్‌మ్యాచ్. తమ్ముడికి డయాలసిస్‌లో రక్తం తక్కువైందని బాటిళ్లకు బాటిళ్లు ఎక్కించి ఉంటే, అతని ఒంట్లో ఇతరుల కణాల మీద యాంటీబాడీలు తయారై ఉంటాయి. అన్న కణాలను కలిపి చూస్తే పాజిటివ్ వస్తుంది. మార్పిడి ఆలోచన ఉన్న ఇంట్లో రక్తం ఎక్కించే ముందు రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్, ఐరన్ గురించి అడగండి. క్రాస్‌మ్యాచ్ ఆపరేషన్‌కు ముందు మళ్లీ చేస్తారు, మొదటిది నెగెటివ్ అని మర్చిపోవద్దు.

డీటీపీఏలో రెండు కిడ్నీల వాటా కూడా వస్తుంది. 50-50, 48-52 మామూలే. 43-57 అయితే 43దే తీస్తారు. మంచిది ఎప్పుడూ దాత దగ్గరే ఉండాలి, ఇందులో బేరం లేదు. రెండూ సమానమైతే ఎడమది తీస్తారు, దాని సిర పొడుగు, కుట్టడం తేలిక. సీటీలో ధమనులు ఒకటా రెండా చూస్తారు. ప్రతి నలుగురిలో ఒకరికి ఏదో ఒక పక్క అదనపు ధమని ఉంటుంది, అది జబ్బు కాదు. సర్జన్‌కు పని పెరుగుతుంది, అంతే.

#7 ఈఎస్ఎం_సోంపేట
కాగితాల వైపు ఎవరైనా చెప్పండి. "సొంత తమ్ముడే కదా, కమిటీ ఎందుకు" అని మావాళ్లు అడుగుతారు.

#8 కాగితాలబావ
ముందు "తమ్ముడు" అంటే ఎవరో తేల్చండి. మన తెలుగులో చిన్నాన్న కొడుకూ తమ్ముడే, పెద్దమ్మ కొడుకూ తమ్ముడే. చట్టానికి కాదు. కేంద్రం 1994 అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ ప్రకారం దగ్గరి బంధువులు వీళ్లే: భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాత, అమ్మమ్మ/నానమ్మ, మనవడు, మనవరాలు. బావమరిది, మేనల్లుడు, వదిన, చిన్నాన్న కొడుకు ఎంత ప్రాణమిచ్చేవాళ్లయినా బయటివాళ్ల లెక్క. వాళ్లకు ఫారం 3, ఆథరైజేషన్ కమిటీ, ఇద్దరి మూడేళ్ల ఆదాయ రుజువులు, తహసీల్దార్ నివాస ధ్రువీకరణ. నెలలు పడుతుంది.

(పక్క మాట: పాత ఉమ్మడి రాష్ట్ర చట్టంలో తాత, మనవడు దగ్గరి బంధువులు కారు. తెలంగాణ శాసనసభ కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ 2025 మార్చిలో తీర్మానం చేసింది. హైదరాబాద్‌లో చేయించుకునేవాళ్లు పాత సమాధానాలు నమ్మొద్దు. ఆంధ్రలో చేయించుకునేవాళ్లు 2011 సవరణ ఇక్కడ అమల్లో ఉందో లేదో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి.)

సొంత తమ్ముడైతే ఫారం 1 (దాత అఫిడవిట్), ఫారం 4 (దాత వైద్యపరంగా, మానసికంగా సరిపోతాడని), ఫారం 5 (రక్తసంబంధం), ఫారం 11 (ఇద్దరి ఉమ్మడి దరఖాస్తు). భార్య దాత అయితే 1కి బదులు 2, 5కి బదులు 6. సొంత తోబుట్టువైతే ఆసుపత్రిలోని కాంపిటెంట్ అథారిటీ చూసి ఫారం 19 మీద అనుమతి ఇస్తుంది.

ఫౌజీల ఫైలు ఆగేది ఎక్కువగా పేరు దగ్గర. డిశ్చార్జ్ బుక్‌లో "రావు" ఉంటుంది, ఆధార్‌లో ఉండదు. సర్వీసులో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక. తండ్రి పేరు అన్నకి "అప్పన్న", తమ్ముడికి "అప్పారావు". ఈ చివరిదే ప్రమాదం, ఎందుకంటే అన్నదమ్ములని నిరూపించాల్సింది ఆ పేరుతోనే. ఆధార్ ముందు సరిచేయించండి. రెండు పేర్లూ ఒకరివే అనే అఫిడవిట్ తర్వాత మాట. సంబంధానికి రుజువుగా పాత రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్లు, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టండి. అన్నీ పెట్టినా సందేహముంటే డీఎన్ఏ పరీక్ష అడుగుతారు.

#9 ఫౌజీ_టెక్కలి
బావగారూ, ఫౌజీ దగ్గర ఒక కాగితం ఉంటుంది, మిగతావాళ్లకు ఉండదు: కిండ్రెడ్ రోల్. అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లతో భర్తీ కాలం నుంచి రికార్డుల్లో నడుస్తుంది. కిడ్నీ మాట ఎవరూ ఎత్తకముందు, పాతికేళ్ల క్రితం రాసింది కాబట్టి దానికి బరువుంటుంది.

#10 కాగితాలబావ
బాగా గుర్తు చేశారు. దానికి అదనంగా పెట్టండి, దాన్నే నమ్ముకోవద్దు.

భార్య సంతకం లేకుండా కుదరదా అని అడుగుతారు. 2022లో ఢిల్లీ హైకోర్టు, ఒక భార్య దాతగా ఉన్న కేసులో, దాత సొంత ఒంటి మీద నిర్ణయానికి భర్త అనుమతి తప్పనిసరి కాదని చెప్పింది. అయినా ఆసుపత్రి వాళ్లు భార్యను కూర్చోబెట్టి మాట్లాడతారు, అదీ న్యాయమే. ఆమెకు తెలియకుండా చేద్దామనే ఫైలు ఇంటర్వ్యూలో తేలిపోతుంది.

డబ్బు సంగతి. కిడ్నీకి ధర కడితే కేంద్ర చట్టం సెక్షన్ 19: ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. అయితే దాతకు ప్రయాణం, బస, ఆ రోజుల్లో పోయిన కూలి లేదా జీతం తమ్ముడు ఇవ్వడం తప్పు కాదు, చట్టంలో "చెల్లింపు" నిర్వచనమే దాన్ని మినహాయించింది. దాత సెక్యూరిటీ డ్యూటీ చేస్తుంటే ఆ జీతం చీటీలు దాచుకోండి. "పొలం నా పేర రాయి" అన్న మాట మాత్రం ఈ చట్టం కింద నేరమే, అన్నదమ్ములైనా సరే.

#11 ఈఎస్ఎం_సోంపేట
ఖర్చు? ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద అయిపోతుందని చాలామంది నమ్మకం.

#12 ట్రాన్స్‌ప్లాంట్_డెస్క్
అది పొరపాటు సాబ్. మార్పిడి ఖర్చు రోగి పథకంలో నడుస్తుంది. పెళ్లయిన తమ్ముడు ఈసీహెచ్ఎస్ లెక్కలో డిపెండెంట్ కాడు. తమ్ముడికి రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ (నిన్నటి ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో చూసి, ఆ పథకంలో మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రినే మొదటి రోజు ఎంచుకోండి. పరీక్షలన్నీ ఒకచోట, ఆపరేషన్ ఇంకోచోట అంటే సగం పరీక్షలు మళ్లీ చేస్తారు. రోగి ఫౌజీ భార్యో, డిపెండెంట్ తల్లో అయితే అప్పుడు పాలీక్లినిక్ రిఫరల్‌తో ఈసీహెచ్ఎస్ దారి. దాత బిల్లు ఏ ఖాతాలో పడుతుందో పాలీక్లినిక్ ఓఐసీ (ఇన్‌చార్జ్ ఆఫీసర్) దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్మిషన్.

పెన్షన్ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు దాతగా 42 రోజుల వరకు ప్రత్యేక క్యాజువల్ లీవ్ ఉంది, 2023 ఏప్రిల్ ఉత్తర్వు. డాక్టర్ రాసిస్తే అందులో ఒక వారం ఆపరేషన్‌కు ముందు కూడా తీసుకోవచ్చు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు ఇది వర్తించదు.

#13 ఫౌజీ_టెక్కలి
డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) మళ్లీ భర్తీ అవుదామనుకునేవాళ్లు ముందే ఆగి ఆలోచించాలి. అక్కడ మెడికల్ ఉంటుంది, ఒక్క కిడ్నీతో వెళ్లి గట్టెక్కుతామనుకోవద్దు. సర్వీస్ పెన్షన్‌కు దీంతో సంబంధం లేదు, అది ఎలాగూ వస్తుంది.

#14 కిడ్నీవార్డు_సిస్టర్
ఆపరేషన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఇప్పుడు ఎక్కువగా ల్యాప్రోస్కోపీలోనే తీస్తున్నారు. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, కిడ్నీ బయటికి తీయడానికి పొత్తికడుపు కింద 6, 7 సెంటీమీటర్ల కోత. మూడు గంటలు అటూఇటూ. మర్నాడు మంచం దింపి నడిపిస్తాం. మూత్రం గొట్టం ఒకటి రెండు రోజులు. మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి.

మొదటి రెండు రోజులు కోత కంటే భుజం నొప్పి ఎక్కువ ఏడిపిస్తుంది. కడుపు ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాస్ డయాఫ్రమ్‌ను రెచ్చగొడుతుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. గుండెనొప్పి అని హడావుడి పడతారు. నడిస్తే తగ్గుతుంది. ఎడమ కిడ్నీ తీసిన మగవాళ్లకు ఎడమ వృషణంలో నొప్పి, తొడ లోపలి వైపు తిమ్మిరి కొన్ని వారాలు ఉండొచ్చు. సిగ్గుపడి చెప్పరు. చెప్పండి.

ఆరు వారాలు 5 కిలోలకు మించి ఎత్తకూడదు. అంటే నిండు బిందె కూడా వద్దు. పిక్క నొప్పి, వాపు, ఆయాసం వస్తే గడ్డ కట్టిందేమో చూడాలి, మర్నాటి దాకా ఆగకూడదు. 12 గంటలు నిలబడే గార్డు డ్యూటీకి రెండు నెలల తర్వాతే వెళ్లండి. కొబ్బరిచెట్టు ఎక్కడం మూడు నెలల దాకా మర్చిపోండి.

#15 ల్యాబ్‌బెంచ్
ఇచ్చిన నెల తర్వాత రిపోర్ట్ చూసి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ముందు 0.9 ఉన్న క్రియాటినిన్ 1.3 అవుతుంది, ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి లెక్కగట్టిన జీఎఫ్ఆర్) 60ల్లోకి పడి ఎర్ర అక్షరాల్లో వస్తుంది. మిగిలిన కిడ్నీ కొంత పెద్దదై, రెండింటి పని చేయడానికి ప్రయత్నించి, పాత మొత్తంలో 60 నుంచి 70 శాతం దాకా చేరుతుంది. అంకె అక్కడ నిలబడితే మంచిదే. ఏడాదికేడాది కిందికి జారితే కాదు. అందుకే ఆరో నెల అంకెను డైరీలో రాసుకోవాలి, తర్వాతివన్నీ దాంతో పోల్చాలి.

#16 ఈఎస్ఎం_సోంపేట
ముప్పు ఎంత అని సూటిగా అడిగితే ఏం రాయాలి?

#17 నెఫ్రో_వైజాగ్
అమెరికాలో దాతల మీద వచ్చిన అంకెలు రాయండి. ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లోపు మరణం పదివేల మందిలో సుమారు ముగ్గురు (2010 అధ్యయనం). దాతకే జీవితకాలంలో కిడ్నీలు పూర్తిగా పాడయ్యే అంచనా పదివేలలో 90, అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్లలో 14 (2014 అధ్యయనం). కింద ఒక వాక్యం తప్పకుండా చేర్చండి: ఈ లెక్కలో ఉద్దానం దాతలు లేరు. మనవాళ్ల ముప్పు దీనికంటే ఎక్కువే అనుకుని నడుచుకోవాలి.

అందుకే తర్వాతి జాగ్రత్త ఇక్కడ రెట్టింపు. రెండు వారాలకు, ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన బతికినంత కాలం ఏటా ఒకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. ఇది మాత్రం దాత తన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లోనే చేయించుకోవచ్చు. ఎండలో తోట పని పొద్దున 10 లోపు ముగించాలి, చెమట పట్టేంత పనిలో నీళ్లు పక్కనే ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సెలైన్ దాకా ఆలస్యం చేయొద్దు. నొప్పికి పారాసిటమాల్. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా, ఏ స్కాన్‌కు వెళ్లినా "నాకు ఒక్క కిడ్నీ" అన్నది మొదటి మాట.

#18 కిడ్నీవార్డు_సిస్టర్
నోట్‌లో ఇంకో ముక్క రాయండి సాబ్. "పెన్షన్ వస్తోంది, పిల్లలు సెటిలయ్యారు, నీకేం" అని ఇంట్లో అందరూ కలిసి ఫౌజీని ముందుకు తోస్తారు. అతను కాదనలేడు, కాదంటే పిరికివాడంటారని భయం. దాతతో డాక్టర్, కోఆర్డినేటర్ విడిగా మాట్లాడే గది ఉంటుంది. అక్కడ "వద్దు" అంటే ఆసుపత్రి బయటికి "వైద్యపరంగా సరిపోలేదు" అని మాత్రమే చెప్తుంది, కారణం చెప్పదు. మత్తు ఇచ్చే ముందు క్షణం దాకా వెనక్కి తగ్గొచ్చు.

#19 ట్రాన్స్‌ప్లాంట్_డెస్క్
అన్న సరిపోలేదని తేలితే ఆగిపోకుండా, మొదటి వారంలోనే తమ్ముడి పేరు జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే రాష్ట్ర పథకం) నమోదు చేయించి ఉంచండి. గ్రూపు లేదా క్రాస్‌మ్యాచ్ మాత్రమే అడ్డమైతే స్వాప్ ఉంది: రెండు జంటలు, వీళ్ల అన్న వాళ్ల రోగికి, వాళ్ల తల్లి వీళ్ల రోగికి. 2011 సవరణలో దీనికి చోటుంది, దాతలిద్దరూ తమ తమ రోగులకు దగ్గరి బంధువులై ఉండాలి. రెండు ఆపరేషన్లూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకరిది అయ్యాక ఇంకొకరు మాట మార్చకుండా.

#20 ఈఎస్ఎం_సోంపేట
రాసుకున్నాను. నోట్‌లో మొదటి లైను గ్రూపు గురించి అనుకున్నాను. దాన్ని రెండో పేజీకి పంపి, మొదటి లైనుగా "నొప్పి మాత్రలు ఇవాళే ఆపండి, మెడికల్ బోర్డ్ కాగితం తీయండి, జీఎఫ్ఆర్ కొలిపించండి" అని పెడుతున్నాను. కిండ్రెడ్ రోల్ కాపీ కోసం రికార్డ్ ఆఫీసుకు రాసే దరఖాస్తు నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

#21 ఫౌజీ_టెక్కలి
రేపు టైప్ చేసి పెడతాను సాబ్. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి, ఆధార్‌లో ఉన్నట్టు కాదు. అది తప్పితే దరఖాస్తు తిరిగొస్తుంది.